తినలేదని చెప్పిన రొట్టెలు

మా ఇంట్లో వంటగది లేక మూడు వారాలు దాటింది. ఉన్న వంటగదికి పెద్ద రోగమేమీ లేదు. గట్టు ఒకచోట పగిలింది, సింకు కింది తలుపు సరిగ్గా పడదు, అంతే. కానీ చౌటుప్పల్‌లో ఈమధ్య ఎవరింటికి వెళ్లినా నల్లరాయి గట్లూ చప్పుడు లేకుండా మూసుకునే సొరుగులూ కనిపిస్తుంటే, మా కోడలు సుజాతకు మనది పాతబడిపోయిందన్న దిగులు పట్టుకుంది. వారంలో అప్పగిస్తానన్న మేస్త్రీ మొదటిరోజు గోడ పగలగొట్టి, రెండోరోజు నుంచి ఫోనెత్తడం మానేశాడు. ఎప్పుడైనా ఎత్తితే "రేపు పొద్దుగాల్ల మీ ఇంట్లనే ఉంట మేడం" అంటాడు. ఆ రేపు వస్తుందని మా అబ్బాయి నమ్మకం. నేను ఎనభై దగ్గర పడినదాన్ని, రేపుల మీద నాకంత నమ్మకం లేదు.

గ్యాసు పొయ్యి కారు షెడ్డులోకి చేరింది. సుజాత పొద్దున్నే హైదరాబాదు బస్సెక్కితే మళ్లీ చీకటి పడ్డాకే రావడం, కాబట్టి వంట నాకూ మా మనవరాలు హారికకూ మిగిలింది. కిచిడీ, ఉప్మా, కోడిగుడ్డు కూర, మళ్లీ కిచిడీ. సిమెంటు దుమ్ము పడని గిన్నె లేదు. వారం తిరిగేసరికి హారికకు విసుగొచ్చి, "నానమ్మా, ఒక్క పొయ్యి మీద మీ అమ్మోళ్లు ఏం వండేటోళ్లు? అవి చెప్పు, రాసుకుంట" అని ఓ లావుపాటి నోటుబుక్కు తెచ్చుకుంది. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో "మా ఇంటి వంటలు" అని రాసింది. నాకు సంబరమే అయింది. రిటైరైన టీచరమ్మకు ఎవరైనా నోటుబుక్కు పట్టుకుని ముందు కూర్చుంటే అంతకంటే ఏం కావాలి?

ఆ శుక్రవారం అంగట్లో పచ్చి చింతకాయలు దొరికాయి. మేస్త్రీ వదిలేసిన ఇటుకలు మూడు తెచ్చి పెరట్లో పొయ్యిలా పేర్చి, విరగ్గొట్టిన పాత తలుపు ముక్కలే అంటించాను. నిప్పులు పడ్డాక చింతకాయల్ని బూడిదలో కప్పాను. ఉల్లిగడ్డలు తొక్కతోనే పెట్టాను, పచ్చి మిరపకాయల్ని పుల్లకు గుచ్చి కాల్చాను. చింతకాయ తొక్క మాడి లోపలి గుజ్జు బుసబుసమని పొంగే సమయానికి తీసి నీళ్లలో పిసికి, కాల్చిన ఉల్లిగడ్డా మిరపా చేత్తో నలిపి, వేయించిన నువ్వుల పొడి, ఉప్పు కలిపాను. జొన్న రొట్టెలు కొడదామని కూర్చున్నాను గానీ నా చేతిలో అవి ఏనాడూ గుండ్రంగా రాలేదు, ఇప్పుడూ రాలేదు. హారిక ఒక ముక్క పచ్చిపులుసులో ముంచి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "ఇది మీ అమ్మ చేసేదే కద నానమ్మా? నువ్వు పేపర్ల రాసినవు చూడు, గదే కద?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండానే "ముత్తవ్వ పచ్చిపులుసు" అని రాసుకుంది. నేను గిన్నెలు తోమడానికి లేచాను. తోముతున్నంతసేపూ నా ముఖం మండుతూనే ఉంది. పొయ్యి సెగ అని చెప్పుకుందామంటే పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది.

ఆ పచ్చిపులుసు మా అమ్మది కాదు. దాన్ని మా అమ్మదని నలభై ఏళ్లుగా చెప్తున్నది నేనే. ఒక దినపత్రిక ఆదివారం సంచికలో "మా అమ్మ చేతి పచ్చిపులుసు" అని రాస్తే ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలొచ్చాయి. వాటిని కట్టగట్టి దాచుకున్నాను కూడా. అసలు మనిషి పేరు ఈదమ్మ. మా ఊరి చాకలామె. ఆమె పేరు నేను ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

మా ఊరు చౌటుప్పల్‌కు లోపల, బండి బాట మీద పొద్దంతా నడిచేంత దూరంలో ఉండేది. నాకప్పుడు పదేళ్లు ఉంటాయేమో. రజాకార్లు ఊరిమీద పడ్డప్పుడు మా గడ్డివాముకు నిప్పు పెడితే, ఆ మంట వంటింటి కప్పునూ అందుకుంది. కప్పులేని మట్టిగోడలు ఆ వానాకాలం నాని నాని ఒకరోజు కూర్చున్నట్టుగా కూలిపోయాయి. తర్వాత యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం పాలన పోయింది, ఇక భయం లేదనుకుని బాపు వంటిల్లు మళ్లీ కట్టడానికి ముగ్గురు మట్టిపనివాళ్లను పిలిపించాడు. మట్టిగోడంటే ఇప్పటిలాగా వారం పని కాదు. ఒక వరస పెట్టి అది ఆరాక గానీ రెండో వరస పెట్టకూడదు. కాబట్టి మా వంట పశువుల కొట్టంలోకి మారింది. ఎద్దుల్ని బయట కట్టేసి, ఒక మూల అలికి పొయ్యి వేశారు. మూడు వైపులా తెరిచిన కొట్టం, నడుమెత్తు ప్రహరీగోడ. దారినపోయే ప్రతివాడికీ మా పొయ్యి మీద ఏముందో కనిపించేది. అన్నిటికన్నా మా అవ్వకు ఇదే పెద్ద బాధ.

అవ్వ అంటే బాపు తల్లి, మా నానమ్మ. పాత వంటింట్లో ఒక మూల దేవుడి గూడు ఉండేది, అందుకని ఆ గడప లోపల అవ్వ మాటే చట్టం. ఈదమ్మ మా ఇంట్లో వడ్లు దంచేది, జొన్నలు చెరిగేది, విసిరేది. పిండి అయ్యేదాకా ఆమె చెయ్యి పడొచ్చు. పిండిలో నీళ్లు పడ్డాయా, ఇక ఆమె దాన్ని తాకకూడదు. పొడిది ఆమెకు, తడిది మాకు. ఆ గీత ఎవరు గీశారో నేనడగలేదు, ఈదమ్మా అడగలేదు. ఆమె మా అమ్మకన్నా పెద్దది. అయినా నేను ఆమెను "ఏమే ఈదమ్మా" అనే పిలిచేదాన్ని.

పని మొదలైన నాలుగో రోజు, మట్టి తొక్కే చోట అమ్మ కడవతో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్లు కట్టే ముసలాయన వెదురు బద్దలు పెట్టి కట్టి, నెల రోజులు కదపొద్దన్నాడు. అవ్వకు చూపు ఆనదు, పొగ పడదు. రెండు రోజులు ఆమె చేసిన గటక తిన్నాం. గటకంటే జొన్న సంకటి. ఒకపూట అడుగంటింది, ఒకపూట ఉడకలేదు. నేను ప్రయత్నించిన రొట్టె పెనం మీదే మూడు ముక్కలైంది. మూడోరోజు బాపు ముంత విసిరికొట్టి చెలకలో చేను పనికి వెళ్లిపోయాడు. అప్పుడు మా అవ్వకు బుద్ధి వెలిగింది. కొట్టం గుంజకు ఆనుకుని చాలాసేపు ఆలోచించి, తనకు తానే తీర్పు చెప్పుకుంది.

"వంటిల్లు కూలిపాయె. గిది కొట్టం. కొట్టంల మడేంది, మైలేంది? ఎద్దులుండే జాగ" అని, ఈదమ్మను పిలిచింది. "మా కోడలి చెయ్యి అతికెదాంక నువ్వే రెండు రొట్టెలు కొట్టియ్యే. కని గీ ముచ్చట గీ కొట్టం దాటద్దు. ఊర్ల తెలిసిందో, మా ఇజ్జత్ పోతది."

"దాటదమ్మా. నా నోట్లకెల్లి రాదు" అంది ఈదమ్మ.

అలా ఈదమ్మ మాకు వండింది. ఎవరైనా చూస్తే పనివాళ్లకు చేస్తోందని చెప్పాలని అవ్వ మాకు నేర్పింది. ఆ నెల రోజుల తిండి నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది, అబద్ధమెందుకు. ఆమె రొట్టె కొడుతుంటే రెండు చేతుల మధ్య పిండి తిరుగుతూ పెద్దదవుతూ, చప్పుడు వీధి చివరిదాకా వినిపించేది. పెనం మీద వేయగానే పొంగేది. చింతకాయల్ని బూడిదలో కాల్చి పచ్చిపులుసు చేయడం మా ఇంట్లో అంతకుముందు ఎవరికీ తెలియదు. అమ్మ నులక మంచం మీద పడుకుని ఆమె చేతులకేసే చూస్తూ ఉండేది. భోజనం గురించి ఏనాడూ నోరు విప్పని బాపు, తల వంచుకునే "ఇంకొకటున్నదా?" అని అడిగేవాడు. "తినుండ్రి పటేలా, పిండికేం తక్వ?" అని నవ్వేది ఈదమ్మ. నేనైతే మూడుకు తక్కువ తినేదాన్ని కాదు. "గిట్ల తింటే రేపు నీ అత్తగారింటికి నన్నుగూడ తోల్కపోవాలె బిడ్డా" అని నన్ను ఆటపట్టించేది. ఆమె మాత్రం తన రొట్టె తీసుకుని కొట్టం అవతల, ఎద్దుల దగ్గర కూర్చుని తినేది. అది అలాగే ఉండాలనుకున్నాను నేను.

పక్కింట్లో అండాలు అని నా ఈడుది ఉండేది. అది ఒకరోజు వాసన పట్టింది. "మీకు సాకలామె వండుతాందట గదా?" అని నలుగురు పిల్లల ముందు అడిగింది. మా అమ్మ తోడు అబద్ధమని ఒట్టేశాను. అప్పటినుంచి నన్ను చూస్తే ముక్కు మూసుకుని నవ్వేది. ఆ నవ్వంటే నాకు రజాకార్లంటే ఉన్నంత భయం ఉండేది.

సైన్యం వచ్చాక భయం పోతుందనుకున్నాం గానీ, ఇంకో రకం భయం వచ్చింది. సంగపోళ్లు, అంటే దొరల మీద తిరగబడ్డ దళాల వాళ్లు, ఇంకా గుట్టల్లోనే ఉన్నారని ఊరి బడిలో పోలీసు క్యాంపు పెట్టారు. ఎవరింట్లో లెక్కకు మించి వండుతున్నారో చూడటం వాళ్ల పని. దళానికి కూడు అందితే దళం బతుకుతుందని వాళ్ల లెక్క. మిగతా ఇళ్లలో పొయ్యిలు లోపల చీకట్లో ఉండేవి. మాదొక్కటే తెరిచి పెట్టినట్టుండేది.

ఒక మధ్యాహ్నం జమేదారు ఇద్దరు పోలీసులతో మా వాకిట్లోకి వచ్చాడు. ఆంధ్ర వైపు మనిషి, అన్నం తినే దేశం వాడు, జొన్న రొట్టెలు మనిషి ఎన్ని తింటాడో తెలియనివాడు. నేను అప్పుడే తిని చెయ్యి కూడా కడుక్కోలేదు. బాపు చెలకలో ఉన్నాడు, మట్టిపనివాళ్లు చెరువు దగ్గర మట్టి తవ్వుతున్నారు. ఈదమ్మ పక్కన బుట్టలో రొట్టెల దొంతర ఆమె మోకాలెత్తు ఉంది. పోలీసులొచ్చారంటే ఊరు ఆగుతుందా? క్షణంలో ప్రహరీగోడ నిండా తలలు. అండాలు ముందే ఉంది.

"ఇంట్లో ఎంతమంది?" అన్నాడు జమేదారు. నలుగురమని అవ్వ చెప్పింది. "నలుగురికి ఇన్ని రొట్టెలా? ఎవరు చేశారు?" అంటే, "నేనే సేసిన అయ్యా" అంది ఈదమ్మ. ఆమె ఎవరని అడిగితే, గోడమీద నుంచి ఎవరో "సాకలామె" అన్నారు. అతను నవ్వి అవ్వ వైపు తిరిగాడు. "చాకలామె చేసినవి మీరు తింటారా?"

ఒక్క మాట చాలు. తింటామని ఎవరం చెప్పినా అక్కడితో అయిపోయేది. ఇంట్లో నలుగురూ పనివాళ్లు ముగ్గురూ రెండు పూటలా తినే తిండి అది, అందులో దాచేదేముంది? అవ్వ గోడ మీది తలలకేసి చూసింది. కొంగు నెత్తి మీదికి లాక్కుంది. అమ్మ మంచం మీద లేచి కూర్చుని "అయ్యా, ఆమె..." అనబోతే అవ్వ ఒక్క చూపు చూసింది. అమ్మ మళ్లీ మంచం మీదికి వాలింది. అప్పుడు జమేదారు నా ముందు వంగి, మెత్తగానే అడిగాడు. "నువ్వు చెప్పు పాపా. నువ్వు తింటావా?"

నేను అండాలును చూశాను. పులుసు అంటిన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. "ఛీ! సాకలోళ్ల చేతి కూడు మేమెందుకు తింటం? మేం తినం" అన్నాను. గట్టిగానే అన్నాను, గోడ దాకా వినిపించాలని.

"మరి ఇవన్నీ ఎవరికి?" అన్నాడు అతను ఈదమ్మతో. ఈదమ్మ నావైపు చూసింది, తర్వాత అవ్వ వైపు చూసింది. ఆమెకు నోరు లేక కాదు. కొట్టం దాటదని మాట ఇచ్చింది. "మట్టిపనోళ్లకు అయ్యా" అంది. ముగ్గురు పనివాళ్లకు మోకాలెత్తు రొట్టెలని ఆ అన్నం తినే మనిషి ఎలా నమ్ముతాడు? బుట్టతో సహా ఆమెను బడికి తీసుకుపోయారు. ఏ దళానికీ మా ఇంటి నుంచి ఒక్క రొట్టె పోలేదు. ఇది మా నలుగురికీ తెలుసు.

బాపు వచ్చాక ఇంట్లో గొడవైంది. "నేను పొయ్యి మేం తింటున్నమని చెప్పొస్త. ఏమైతది?" అన్నాడు. "ఏమైతదా? ఊరు ఊరంత ఇంటది. రేపు నీ బిడ్డెను ఎవడు చేసుకుంటడు? మనింట్ల నీళ్లెవడు తాగుతడు?" అంది అవ్వ. నా పెళ్లి సంగతి అక్కడికి వచ్చేసరికి బాపు మెత్తబడ్డాడు. పొద్దున్నే పెరుగు కుండ పట్టుకుని క్యాంపుకు వెళ్లి, పేదది, ఏం ఎరుగదు, వదిలేయమని చేతులు జోడించి వచ్చాడు. అన్నీ చెప్పాడు, ఆ ఒక్క మాట తప్ప. మూడోరోజు ఈదమ్మను వదిలిపెట్టారు. ఏ చేత్తో చేశావని అడిగి ఆ వేళ్ల మీద కొట్టారట. రెండు చేతుల వేళ్లూ వంకాయల్లా ఉబ్బి ఉన్నాయని చూసొచ్చినవాళ్లు చెప్పుకున్నారు. నేను చూడటానికి వెళ్లలేదు. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ రొట్టె కొట్టలేకపోయింది. అక్కడ కూడా మా ముచ్చట ఆమె నోట్లోంచి రాలేదు.

గోడలు ఆరాయి. అమ్మ చెయ్యి అతికింది. కొత్త వంటింటికి ఎర్రమట్టి పూసి, ముగ్గులు పెట్టి పాలు పొంగించారు. మళ్లీ గడప, మళ్లీ అవ్వ చట్టం. వారం తిరగకుండానే అమ్మ చింతకాయలు కాల్చి పచ్చిపులుసు చేసింది. ఎక్కడిదని ఎవరూ అడగలేదు, అందరం తిన్నాం. చుట్టాలు తిని మెచ్చుకున్నారు. మేనత్తలు నేర్చుకుని తమ ఊళ్లకు తీసుకుపోయారు. అలా అది మా ఇంటి వంటైంది. పెద్దదాన్నై రాయడం మొదలుపెట్టాక నేను ఇంకో మెట్టు ఎక్కాను. సభల్లో దండ వేయించుకుని, పోరాట కాలంలో మా ఇంటి మీద పోలీసులు పడ్డారని గొంతు వణికించి చెప్పాను. చప్పట్లు కొట్టారు. పడ్డది మా ఇంటి మీదే, నిజం. దెబ్బలు ఎవరికి తగిలాయో మాత్రం చెప్పలేదు. రాసేవాళ్లకు ఇలాంటి సదుపాయాలు చాలా ఉంటాయి.

ఆ కాలం వేరు, అప్పటి మనుషులు వేరు అని సర్దుకుందామని చూశాను. కారు షెడ్డులో మూడు వారాలుగా కూర్చున్నదాన్ని కాబట్టి అదీ కుదరలేదు. వంటగది సామాను బయటికి తెచ్చినప్పుడు, అంచు సొట్టపోయిన ఒక స్టీలు గ్లాసు కిటికీ మీద వేరుగా పెట్టి ఉంది. మా ఇంట్లో పని చేయడానికి వచ్చే యాదమ్మ టీ గ్లాసది. హారిక దాన్ని మిగతా గ్లాసుల్లో కలిపేస్తే, నా చెయ్యి దానంతటదే వెళ్లి మళ్లీ పక్కకు తీసింది. ఆ గ్లాసును వేరుగా పెట్టినది సుజాత కాదు, అవ్వ కాదు. పదేళ్ల కిందట నేను పెట్టాను. నల్లరాయి గట్టు వచ్చినా ఆ గ్లాసుకు ఒక జాగా వెతికేదాన్నే.

పచ్చిపులుసు చేసిన మరునాడు హారికను కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. కొట్టం, రొట్టెలు, జమేదారు, నేనన్న మాట, అన్నీ. అది పెన్ను పక్కన పెట్టేసింది. ఏడుస్తుందేమో, నన్ను ఓదారుస్తుందేమో అని లోపల ఎక్కడో ఆశపడ్డాను, సిగ్గులేనిదాన్ని. అది ఓదార్చలేదు, పెన్ను మళ్లీ అందుకుంది. "ముత్తవ్వ పచ్చిపులుసు" అన్నది అడ్డంగా కొట్టేసి, "ఈదమ్మ" అని రాసి, "ఇంటి పేరేంది నానమ్మా?" అంది. తెలియదన్నాను. "పిల్లలున్నరా ఆమెకు? ఏడున్నరు?" తెలియదన్నాను. నెల రోజులు ఆమె చేతి తిండి తిని, నలభై ఏళ్లు ఆమె వంట చెప్పుకు బతికినదాన్ని, ఒక్క జవాబూ నా దగ్గర లేదు. చివరికి హారిక అడిగింది. "మరి ఆ తర్వాత ఆమె నీతోని ఎన్నడు మాట్లాడలేదా?"

"లేదు" అన్నాను.

అది అబద్ధం. మనవరాలి ముఖం చూస్తూ చెప్పలేకపోయాను, అందుకని ఇక్కడ రాస్తున్నాను. కొన్ని నెలల తర్వాత ఒక పొద్దున ఈదమ్మ మైలబట్టల కోసం వచ్చింది. అవ్వ లోపల నిద్రపోతోంది. అమ్మా బాపూ చెలకకు పోయారు. గోడమీద ఎవరూ లేరు. అరుగు మీద నేనొక్కదాన్నే కూర్చుని ఉన్నాను. ఆమె బట్టలు మూటగట్టి, వాకిలంతా ఒకసారి చూసి, గొంతు తగ్గించి అంది.

"బిడ్డా, ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యకు. ఆ దినం నువ్వు మూడు తిన్నవు. మంచిగనే ఉండెనా?"

వినడానికి అక్కడ ఇంకెవరూ లేరు. తిన్నానని చెప్తే పోయే ఇజ్జతూ లేదు, ఆగిపోయే పెళ్లీ లేదు. అది ఆమెకూ తెలుసు, అందుకే ఆ పూట చూసుకుని అడిగింది.

"నాకు యాదికి లేదు" అన్నాను.

"గట్లనా. శిన్న పోరివి, నీకేం యాదుంటది తియ్" అంది ఈదమ్మ. వంగి మూట ఎత్తుకోబోతే వేళ్లకు పట్టు దొరక్క అది జారి కింద పడింది. రెండోసారి మోచేతులు కిందికి పెట్టి, గోడకు ఆన్చి, ఎలాగో నెత్తికెత్తుకుంది. నేను లేవలేదు. ఆమె వాకిలి దాటేదాకా అరుగు మీదే కూర్చుని చూశాను.